రబ్బీ సమ్మతి అంటే దేనికి సమ్మతి?

ప్రశ్న: మా ఊళ్లో నెలకొకసారి కూర్చుని ఒక పుస్తకం చదివి మాట్లాడుకునే పది పన్నెండు మందిమి ఉన్నాము. ఈ నెల యూదుమతాన్ని గురించి ఇంగ్లిషు నుండి అనువాదమైన ఒక పుస్తకం చదివాము. దాని మొదటి పేజీల్లో “ఈ గ్రంథాన్ని ముగ్గురు రబ్బీలు ఎండార్స్ చేశారు” అని ఉన్నది. ఒక మిత్రుడు, “ముగ్గురు రబ్బీలు సంతకం పెట్టారంటే యూదుమతం మొత్తం ఈ పుస్తకాన్ని ఒప్పుకున్నట్టే” అన్నాడు. ఇంకొకరు, “మన కవితా సంపుటాలకు పెద్దలు రాసే ముందుమాటల వంటిదే ఇది, దానికి పట్టింపు లేదు” అన్నారు. ఎవరి మాట సరైనది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, నకిరేకల్

జవాబు: ఇద్దరిదీ సరికాదు. అయితే ఇద్దరూ ఆ అయోమయంలో పడడానికి కారణం అనువాదకుడు ఎండార్స్ అనే మాటను అలాగే వదిలివేయడం. మన జిల్లాలో ఆ మాట ఇళ్లలోకి తహసీల్దారు కార్యాలయం నుండి వచ్చింది. పట్టాలో పేరు తప్పు పడిందని అర్జీ పెట్టుకున్న రైతుకు, “మీ అర్జీని పరిశీలించాము, ఫలానా కారణం వల్ల వీలుపడదు” అని రాసి ఇచ్చే కాగితాన్ని కూడా ఎండార్స్‌మెంట్ అనే అంటారు. కాబట్టి “ఎండార్స్‌మెంట్ ఇచ్చిండ్రు” అని ఒక రైతు చెప్పినప్పుడు అతని చేతిలో ఉన్నది అనుమతి కావచ్చు, తిరస్కారమూ కావచ్చు. బ్యాంకులోనైతే చెక్కు వెనుక చేసే సంతకం ఎండార్స్‌మెంట్. లాటిన్‌లో వీపును డోర్సుమ్ అంటారు. వెనుకవైపు రాయడం అనే ఈ అర్థమే ఆ మాటకు మూలం. ఇక సినిమా నటుడు సబ్బును మెచ్చుకోవడం మూడో అర్థం. మీ పుస్తకంలో ఉన్నది ఈ మూడింటిలో ఏదీ కాదు.

హీబ్రూలో దానిని హస్కామా అంటారు. ఒప్పుదల, సమ్మతి అని ఆ మాటకు అర్థం. మనం దానిని సమ్మతి పత్రం అనుకోవచ్చు. చెక్కు మీది సంతకం వెనుక ఉంటే, ఇది పుస్తకం ముందే, అసలు విషయం మొదలు కాకముందే కనిపిస్తుంది. రబ్బీ, అంటే యూదు ధర్మ పండితుడు, తన పేరు, తాను ఏ ఊరి రబ్బీ అనే వివరం, యూదు పంచాంగం ప్రకారం తేదీ వేసి రాసిన ఉత్తరాన్ని ఉన్నదున్నట్టుగా అచ్చు వేస్తారు. ఆ ఉత్తరంలో ఏముంటుందో దగ్గరగా చూస్తే మీ మొదటి మిత్రుని సందేహం తీరుతుంది. చాలా ఉత్తరాల్లో రబ్బీ ముందుగా రచయిత వంశాన్ని, గురువులను, దైవభక్తిని మెచ్చుకుంటారు. ఆ తర్వాత, పనుల ఒత్తిడి వల్ల గ్రంథమంతా చదవలేకపోయాననీ, అక్కడక్కడ తిరగవేసి చూసినంత మేరకు బాగున్నదనీ రాస్తారు. ఇందులోని నిర్ణయాలను ఆచరణకు తీసుకునే ముందు తమ రబ్బీని అడగవలెనని ఒక వాక్యం చేర్చేవారూ ఉన్నారు. ఇది తప్పించుకునే మాట కాదు. తాను దేనికి పూచీ పడుతున్నాడో, దేనికి పడడం లేదో ఆ రబ్బీ నిజాయితీగా గీసి చూపే గీత. రచయిత తగిన మనిషి, పుస్తకం చదవదగినది అని చెప్పడం వేరు. ప్రతి పంక్తికీ నాది పూచీ అనడం వేరు.

ఈ ఆచారం అచ్చు యంత్రంతో పాటే పుట్టింది. 15వ శతాబ్దం చివర ఇటలీలోని నేపుల్స్‌లో యాకోబ్ లాండావు రాసిన ధర్మశాస్త్ర గ్రంథానికి రబ్బీలు ఇచ్చిన సమ్మతిని తొలి ఉదాహరణగా చెబుతారు. అప్పటికి అది మెప్పుకోలు మాత్రమే. దానికి పదును వచ్చింది మరో రెండు తరాల తర్వాత, ఒక వ్యాపార తగాదా వల్ల. ఆ కథను కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే మీరడిగిన అధికారం ఎట్లా పని చేస్తుందో అందులోనే తెలుస్తుంది.

12వ శతాబ్దపు మహాపండితుడు మైమోనిదీస్ యూదు ధర్మమంతటినీ 14 భాగాలుగా కూర్చి మిష్నే తోరా అనే గ్రంథం రాశారు. పాదువా నగర రబ్బీ మెయిర్ కాట్సెనెలెన్‌బోగెన్ దానిని సవరించి, తన వ్యాఖ్యలు చేర్చి, 1550లో వెనిస్‌లోని బ్రగదీని ముద్రణాలయంలో అచ్చు వేయించారు. అదే నగరంలో జుస్తినియాని అనే మరో ముద్రాపకుడు అదే గ్రంథాన్ని పోటీగా అచ్చు వేసి, తక్కువ ధరకు అమ్మడానికి దిగాడు. ఇద్దరు ముద్రాపకులూ క్రైస్తవులు. ఏ రబ్బీ ఆజ్ఞా వారి మీద చెల్లదు. అప్పుడు మెయిర్ పోలండులోని క్రాకోవ్‌లో ఉన్న రబ్బీ మోషే ఇస్సెర్లెస్‌కు ఉత్తరం రాశారు. ఇస్సెర్లెస్ తీర్పు ముద్రాపకుని జోలికి పోలేదు. మెయిర్ వేయించిన ప్రతులు అమ్ముడుపోయేవరకు రెండో ముద్రణను ఏ యూదుడూ కొనరాదని, కొంటే వెలి తప్పదని ఆయన రాశారు. పుస్తకం వేసేవాడు ఎవరైనా, చదివేవాడు యూదుడే కదా. రబ్బీకి సైన్యం లేదు, కొత్వాలు లేడు. ఆయన చేతిలో ఉన్నది చదువరుల మనస్సు, వారి సంఘంలో వెలి అనే మాటకు ఉన్న బరువు. పల్లెల్లో వెలి అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర లేదు; నీళ్లూ నిప్పూ పుట్టకుండా చేసే ఆ శిక్షను మన ముందు తరాలు కళ్లారా చూశాయి. ఆ పోలిక నాకు సంతోషాన్ని ఇవ్వదు గాని, ఆ మాటకు అంత శక్తి ఎక్కడి నుండి వచ్చిందో అర్థం చేసుకోవడానికి అది తోడ్పడుతుంది.

ఆ తగాదా అంతటితో ఆగలేదు. ముద్రాపకులిద్దరూ ఒకరి పుస్తకాల్లో మతదూషణ ఉన్నదని మరొకరు రోములో ఫిర్యాదులు చేసుకున్నారు. విచారణ వారిని దాటి యూదుల గ్రంథాల మీదికే తిరిగింది. 1553 సెప్టెంబరు 9న, యూదుల సంవత్సరాది పండుగ రోజున, రోములోని కాంపో దె ఫియోరి అనే కూడలిలో యూదుల ధర్మ చర్చల మహాగ్రంథమైన తల్మూద్ ప్రతులను రాశులుగా పోసి తగలబెట్టారు. ఆ మరుసటి ఏడు, 1554 జూన్‌లో, ఇటలీ రబ్బీలు, సంఘ పెద్దలు ఫెరారా నగరంలో సమావేశమై, మొదటిసారి అచ్చయ్యే ఏ హీబ్రూ పుస్తకానికైనా ముగ్గురు రబ్బీల అనుమతి, దగ్గరి పెద్ద నగరపు సంఘ పెద్దల అనుమతి ఉండవలెనని, లేనిదానిని ఎవరూ కొనరాదని తీర్మానించారు. మీ పుస్తకంలో ముగ్గురి పేర్లు ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, ఆ లెక్క వెనుక ఇంత పాత సంగతి ఉన్నది. పాలకుల నిప్పు తమ పుస్తకాల మీద పడకముందే తామే వాటిని సరిచూసుకోవాలన్న భయం, అచ్చు వేసినవాని పెట్టుబడి మునిగిపోకుండా కొన్నేళ్లపాటు మరొకరు వేయరాదని కాపాడాలన్న న్యాయం, రచయిత యోగ్యుడని చెప్పే సాక్ష్యం, ఈ మూడూ ఆ ఒక్క ఉత్తరంలో కలిసిపోయాయి. కాపీరైటు చట్టాలు వచ్చిన తర్వాత రెండోది చాలావరకు సడలింది. ఇప్పుడు ముఖ్యంగా మిగిలింది సాక్ష్యమే.

సాక్ష్యం ఎంత నమ్మదగినదైనా మోసపోవచ్చు. 1793లో బెర్లిన్‌లో బెసామీం రోష్ అనే పుస్తకం వచ్చింది. అప్పటికి దాదాపు 500 ఏళ్ల కిందటి మహాపండితుడు ఆషెర్ బెన్ యెహియెల్ ఇచ్చిన తీర్పులు ఇన్నాళ్లకు దొరికాయని దానిని ప్రకటించారు. ప్రాగ్ నగరపు ప్రధాన రబ్బీ ఎజెకియెల్ లాండావు, బెర్లిన్ రబ్బీ త్స్వీ హీర్ష్ లెవిన్ దానికి సమ్మతి పత్రాలు ఇచ్చారు. ఆ కాలంలో వారికి మించిన పేర్లు అరుదు. అయినా, ఆ తీర్పుల్లో పాత పండితుడు అనడానికి వీల్లేని మాటలు ఉన్నాయని ఇతర పండితులు వెంటనే పట్టుకున్నారు. పుస్తకాన్ని ప్రకటించిన సౌల్ బెర్లిన్ సమ్మతి ఇచ్చిన లెవిన్‌కు స్వయానా కొడుకు, అందులోని తీర్పుల్లో చాలావాటిని కల్పించినవాడు అతడే అన్నది నేటి పండితుల నిర్ణయం. ఇద్దరు మహానుభావుల సంతకాలు ఒక కల్పిత గ్రంథాన్ని నిజం చేయలేకపోయాయి. సంతకాలు లేని పండితుల ప్రశ్నలే నిలబడ్డాయి.

ఇక మీ మొదటి మిత్రుడు అన్నట్టు “యూదుమతం మొత్తం” అనే మాట. యూదులలో పోపు వంటి పీఠం లేదు. రబ్బీ అనే మాటకు నా గురువు అని అర్థం. తెలుగు బైబిలులో “బోధకుడు” అని అనువదించినది ఇదే. రబ్బీ పూజారి కాదు. పది మంది వయోజన పురుషులు కూడితే సామూహిక ప్రార్థన జరుగుతుంది, రబ్బీ ఉండవలెనని లేదు. (కొన్ని శాఖల్లో ఇప్పుడు స్త్రీలను కూడా ఆ పది మందిలో లెక్కిస్తారు.) పెళ్లికి కావలసినది ఇద్దరు సరైన సాక్షులు. రబ్బీ అవసరమయ్యేది ప్రశ్న పుట్టినప్పుడు: ఈ వంట పనికి వస్తుందా, ఈ విడాకుల పత్రం చెల్లుతుందా, ఈ మనిషి మతంలో చేరిక సరిగా జరిగిందా అన్న చోట.

మోషే యెహోషువ మీద చేతులుంచి తన బాధ్యతను అప్పగించినట్టు సంఖ్యాకాండం 27వ అధ్యాయంలో ఉన్నది. గురువు శిష్యునికి ఇట్లా అప్పగిస్తూ వచ్చిన ఆ అధికారాన్ని సెమిఖా అంటారు. ఆ పరంపర తొలి క్రీస్తు శతాబ్దాలు గడిచేసరికి రోమన్ పాలన కింద పాలస్తీనాలో తెగిపోయింది. 1538లో సఫెద్ పట్టణంలో యాకోబ్ బెరాబ్ అనే రబ్బీ, అక్కడి పండితులందరి ఒప్పుదలతో దానిని మళ్లీ నిలబెట్టడానికి పూనుకున్నారు. యెరూషలేములో ఉన్న లేవీ ఇబ్న్ హబీబ్, తమను అడగకుండా చేసినది చెల్లదని ఎదురు తిరిగారు. ప్రయత్నం నిలవలేదు. ఈనాడు రబ్బీలకు ఇచ్చే సెమిఖా ఆ పాత అధికారం కాదు. ఈయన చదువుకున్నాడు, తీర్పు చెప్పదగినవాడు అని గురువు ఇచ్చే యోగ్యతా పత్రం. అంటే రబ్బీ అనే బిరుదు కూడా ఒక రకంగా సమ్మతి పత్రమే. పుస్తకానికి సమ్మతి ఇచ్చే మనిషి తానే మరొకరి సమ్మతి మీద నిలబడి ఉన్నాడు.

సంప్రదాయంలో ప్రతి ఊరికి తన రబ్బీ ఉంటారు. ఆ ఊరిలో ఆయన మాటే చివరిది, పక్క ఊరి రబ్బీ ఎంత పండితుడైనా అందులో వేలు పెట్టరాదు. దాని పక్కనే మరో వాస్తవమూ ఉన్నది: పాత ఆచారాన్ని గట్టిగా పట్టుకున్న ఆర్థడాక్స్, కొంత సడలించుకున్న కన్జర్వేటివ్, చాలావరకు మార్చుకున్న రిఫార్మ్ అనే శాఖల రబ్బీలు ఒకరి తీర్పులను ఒకరు చాలా విషయాల్లో అంగీకరించరు. కాబట్టి మీ పుస్తకాన్ని మళ్లీ తెరిచి ఆ ముగ్గురు ఏ ఊరివారో, ఏ శాఖవారో, ఏ ఏటి ఉత్తరాలో, పుస్తకమంతా చదివామన్నారా లేక రచయితను ఎరుగుదుమని మాత్రమే అన్నారా అన్నది చూడండి. వారి ఉత్తరాలే లేకుండా “ఎండార్స్ చేశారు” అనే ఒక్క వాక్యం ఉంటే, అది ప్రచురణకర్త మాట, రబ్బీల మాట కాదు. మీ రెండో మిత్రుడు పట్టింపు లేదన్నాడు గాని, పరువు గల రబ్బీ తన పేరును అప్పుగా ఇస్తున్నాడన్న సంగతి తెలిసి ఆ ఉత్తరం రాస్తాడు. పుస్తకంలో దోషం బయటపడితే ఆ మాట మొదట వచ్చేది ఆయన మీదికే. సమ్మతి ఇచ్చిన తర్వాత దానిని వెనక్కి తీసుకుంటున్నట్టు బహిరంగంగా ప్రకటించిన రబ్బీలూ ఉన్నారు.

ప్రశ్న: నేను రైస్ మిల్లులో గుమాస్తాను. బయటి దేశానికి బియ్యం పంపే ఒక కొనుగోలుదారు కోషర్ సర్టిఫికెట్ కావాలన్నాడు. రబ్బీ వచ్చి బియ్యాన్ని మంత్రించి పోతాడని మా హమాలీలు అనుకుంటున్నారు. అసలు ఆయన ఏం చూస్తాడు, ఆయన సంతకానికి ఎందుకంత విలువ?
— మిర్యాలగూడ నుండి ఒక పాఠకుడు

జవాబు: మంత్రం ఏమీ ఉండదు. కోషర్ అంటే తగినది అని అర్థం. ఆహారం తగినదని ఇచ్చే పత్రాన్ని హెఖ్షేర్ అంటారు, అదే ధాతువు. పైన చెప్పిన సమ్మతి పత్రానికి ఇది దగ్గరి చుట్టం, అయితే ఇక్కడ రబ్బీ చూసేది మాటలను కాదు, సరుకును, యంత్రాలను. ఏ పదార్థాలు లోపలికి వస్తున్నాయి, యంత్రాల్లో ఇంతకుముందు ఏం ఆడించారు, జంతు సంబంధమైన కొవ్వు ఎక్కడైనా తగిలిందా అన్నవి ఆయన అడిగే ప్రశ్నలు. ఏమీ కలపని తెల్ల బియ్యం విషయంలో చిక్కు తక్కువ. బలవర్ధకాలు, రుచి పదార్థాలు, నూనె కలిసిన చోట చిక్కు మొదలవుతుంది. పురుగు తినడం వారి ధర్మంలో నిషిద్ధం కాబట్టి, నిల్వ ఉన్న బియ్యంలో పురుగు పట్టడం వారికి నాణ్యత సమస్య మాత్రమే కాదు, ధర్మ సమస్య కూడా.

మీ సరుకుకు సంబంధించిన ఒక ముచ్చట చెప్పాలి. పస్కా పండుగ రోజుల్లో యూదులు పులిసిన పిండిని ఇంట్లో ఉంచరు. గోధుమ, బార్లీ వంటి ఐదు ధాన్యాలకు ఈ నియమం వర్తిస్తుంది. బియ్యం వాటిలో లేదు. అయినా తూర్పు, మధ్య ఐరోపాకు చెందిన అష్కెనాజీ యూదులు ఆ రోజుల్లో బియ్యం ముట్టరాదన్న ఆచారాన్ని మధ్యయుగాల నుండి పాటిస్తున్నారు. స్పెయిన్, అరబ్బు దేశాల నుండి వచ్చిన సెఫార్దీ కుటుంబాల్లో చాలామంది తింటారు, కాని వండే ముందు బియ్యాన్ని పరిచి, ఒక్క గోధుమ గింజ కూడా కలవలేదని మూడుసార్లు ఏరి చూస్తారు. చాటలో బియ్యం పోసుకొని వాకిట్లో కూర్చుని మట్టిపెళ్లలు, వడ్ల గింజలు ఏరే మన అమ్మల చేతులు నాకు ఇక్కడ గుర్తుకు వస్తాయి. ఆ పనే, కాని ప్రతి గింజ వెనుక ఒక ఆజ్ఞ ఉన్నది. అమెరికాలోని కన్జర్వేటివ్ శాఖ ధర్మ సంఘం 2015లో అష్కెనాజీలు కూడా తినవచ్చునని తీర్పు ఇచ్చింది. ఆర్థడాక్స్ శాఖ దానిని ఒప్పుకోలేదు. ఒకే బస్తా, ఒకే వారం, ఒక ఇంట్లో అన్నం అవుతుంది, పక్క ఇంట్లో అలమర దాటదు.

అందుకే డబ్బు కట్టే ముందు మీ కొనుగోలుదారును ఒక్క మాట అడగండి: ఎవరి సర్టిఫికెట్ కావాలి? కోషర్ ముద్ర వేసే సంస్థలు ప్రపంచంలో అనేకం ఉన్నాయి. అమెరికాలోని ఆర్థడాక్స్ యూనియన్ 1920లలోనే ఈ పని మొదలుపెట్టింది. ఇజ్రాయెల్‌లో 1983 నాటి చట్టం ప్రకారం కోషర్ అనే మాటను హోటళ్లు, అమ్మకందారులు ఇష్టం వచ్చినట్టు వాడుకోవడానికి వీల్లేదు; అక్కడి ప్రధాన రబ్బీల కార్యాలయానికి ఇందులో అధికారం ఉన్నది. ఒక సంస్థ పత్రాన్ని మరొక సంస్థ అంగీకరించకపోవడం కొత్త కాదు. పత్రం సాధారణంగా ఫలానా మిల్లుకు, ఫలానా సరుకుకు, ఫలానా గడువు వరకే వర్తిస్తుంది. పక్క షెడ్డులో ఆడించిన నూనెకు అది పనికిరాదు. మీ హమాలీలకు చెప్పండి, వచ్చే మనిషి మంత్రించడానికి కాక, గోదాము మూలలు, బాయిలరు గొట్టాలు, ఖాళీ సంచుల మీది రాతలు చూడడానికి వస్తాడని. ఆ రోజు రిజిస్టర్లు సిద్ధంగా ఉంచుకోండి.

ప్రశ్న: మన తెలుగువారిలో యూదులు ఉన్నారని విన్నాను. వారికి రబ్బీల గుర్తింపు ఉన్నదా?
— డిగ్రీ విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి అని వారి నమ్మకం. వారికి ఒక ప్రార్థనా మందిరం ఉన్నది, శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటిస్తారు. ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల గుర్తింపు మాత్రం వారికి రాలేదు.

గుర్తింపు అనేది ఒక్క సంతకంతో తేలే సంగతి కాదని కొచ్చి యూదుల చరిత్ర చూపుతుంది. కొచ్చిలో 1568 నాటి పరదేశి సినగాగ్ అనే యూదుల ప్రార్థనా మందిరం ఇప్పటికీ ఉన్నది గాని, వారికి ఊరి రబ్బీలంటూ లేరు; కష్టమైన ప్రశ్న వస్తే సముద్రం దాటించి ఉత్తరం పంపేవారు. 16వ శతాబ్దంలో, సంఘంలో కొందరిని బానిసల సంతతి అని పెళ్లిళ్లకు దూరం పెట్టడం సరైనదా అన్న ప్రశ్న కైరోలోని రబ్బీ డేవిడ్ ఇబ్న్ జిమ్రా వద్దకు చేరింది. వారికి విధి ప్రకారం స్నానం చేయించి విముక్తి ఇస్తే అందరితో సమానులే, పెళ్లిళ్లు చేసుకోవచ్చునని ఆయన తీర్పు రాసి పంపారు. ఆ కాలపు గొప్ప పండితులలో ఒకరి తీర్పు అది. అయినా కొచ్చిలో ఆ వివక్ష కొన్ని వందల ఏళ్లు సాగింది. అడిగి తెప్పించుకున్న తీర్పునే పక్కన పెట్టిన ఆ సంఘాన్ని తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది; అంటరానితనానికి శాస్త్రం ఒప్పుకోదని పెద్దలు చెప్పిన తర్వాత కూడా బావి గట్టున ఏమీ మారని ఊళ్లు మనకు తెలుసు కదా.

మహారాష్ట్ర నుండి ఇజ్రాయెల్ వెళ్లిన బెనె ఇజ్రాయెల్ యూదులది దానికి ఎదురు దిక్కు అనుభవం. 1960ల ఆరంభంలో, వారి పెళ్లిళ్లకు ముందు వంశం గురించి ప్రత్యేకంగా విచారించవలెనని అక్కడి ప్రధాన రబ్బీల కార్యాలయం ఆదేశాలు ఇచ్చింది. వారు దానిని అవమానంగా భావించి, రెండేళ్లకు పైగా ఆందోళన చేశారు. 1964లో ఇజ్రాయెల్ పార్లమెంటు, ప్రభుత్వం వారి పక్షాన నిలిచి, వారు అన్ని విధాలా యూదులేనని ప్రకటించడంతో, ఆ ఆదేశాల్లో వారి పేరు తొలగించవలసి వచ్చింది. ఇక్కడ సంఘం మాట రబ్బీల సంతకాన్ని మార్పించింది.

కొత్తరెడ్డిపాలెం వారికి ప్రార్థన చేసుకోవడానికి, శుక్రవారం పొద్దు గూకే వేళ దీపం పెట్టుకోవడానికి ఎవరి పత్రమూ అక్కర లేదు. ఇజ్రాయెల్ వెళ్లి యూదులుగా స్థిరపడాలంటే, అక్కడ పెళ్లి నమోదు చేసుకోవాలంటే ఆ సంతకం కోసం ఎదురు చూడవలసి ఉంటుంది.